గోడలు ఒకరివి, మంచాలు ఒకరివి: డాక్టర్ చాయ్ పటేల్ కేర్ హోమ్ ప్రయాణం

[తెర మీద: రాత్రివేళ కేర్ హోమ్ కారిడార్. ప్రతి తలుపు మీదా ఒక పేరు, ఒక పాత ఫొటో.]

నమస్తే అండి. మా పెద్దమ్మ కూతురు ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తుంది. మంచం దిగలేని వాళ్లని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. లేకపోతే ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. తిప్పిన ప్రతిసారీ టైమ్ రాయాలి. మింగడం కష్టమైన వాళ్లకి టీలో ఒక పొడి కలిపి, చిక్కగా చేసి, చెంచాతో తాగించాలి. పల్చగా ఉంటే పొలమారుతుంది. "ఒక్క కప్పు టీకి ఇరవై నిమిషాలు పడుతుందిరా, తొందరపెట్టకూడదు" అంటుంది అక్క.

ఆ ఇరవై నిమిషాల జీతం ఎక్కణ్నుంచి వస్తోంది? ముసలివాళ్లు కట్టే ఫీజులో మిగతాది ఎటు పోతోంది? నాకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. అర్థమైంది ఒక మనిషి కెరీర్ చదివాకే. ఆయన పేరు డాక్టర్ చాయ్ పటేల్.

[తెర మీద: ఉగాండా నుంచి బ్రిటన్‌కి గీత గీసిన మ్యాప్]

1954లో ఉగాండాలో పుట్టారు. చిన్న వయసులోనే బ్రిటన్ వచ్చి, సౌతాంప్టన్‌లో మెడిసిన్ చదివారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్‌గా పనిచేసి, 1980ల మధ్యలో అది వదిలేసి మెరిల్ లించ్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో చేరారు. 1988లో కోర్ట్ కావెండిష్ అనే సొంత కేర్ హోమ్ కంపెనీ పెట్టారు.

ఆ సమయం చాలా ముఖ్యం. 1980ల్లో బ్రిటన్‌లో చేతిలో డబ్బు లేని వృద్ధులు ప్రైవేట్ హోమ్‌లో చేరితే, ఫీజు ప్రభుత్వ సంక్షేమ నిధి నుంచి వచ్చేది. దాంతో పాత బంగళాలు కొని హోమ్‌లుగా మార్చినవాళ్లు ఊరూరా తయారయ్యారు. ఖర్చు చేయి దాటిపోయింది. 1990లో కొత్త చట్టం చేసి, 1993 నుంచి ఆ బాధ్యత స్థానిక కౌన్సిళ్లకు, అంటే మన మున్సిపాలిటీల్లాంటి వాటికి, అప్పగించారు. అంటే ఈ వ్యాపారంలో పెద్ద కస్టమర్ కౌన్సిల్. రేటు నిర్ణయించడంలో పైచేయి కూడా దానిదే.

1990ల చివర్లో పటేల్ వెస్ట్‌మిన్‌స్టర్ హెల్త్ కేర్ అనే ఇంకో కేర్ హోమ్ కంపెనీలోకి వచ్చారు. ఆయనే దానికి చీఫ్ అయ్యారు. తర్వాత మానసిక వైద్యానికి పేరున్న ప్రయరీ ఆసుపత్రులు చేతికొచ్చాయి. 2005లో ప్రయరీని 87.5 కోట్ల పౌండ్లకు అమ్మారు.

మధ్యలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. వెస్ట్‌మిన్‌స్టర్ నడిపిన లిండ్ హౌస్ అనే హోమ్‌లో సేవలు బాగాలేవని కుటుంబాలు ఫిర్యాదు చేశాయి. స్వతంత్ర విచారణలో ఆ ఫిర్యాదులకు బలం దొరికింది. వృద్ధుల సంరక్షణపై ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్స్ నుంచి పటేల్ 2002లో తప్పుకున్నారు. వందల మైళ్ల దూరంలో ఏ నర్సు ఏ రాత్రి ఏం చేసిందో హెడ్ ఆఫీసులో కూర్చున్న మనిషికి ఎంతవరకు తెలుస్తుంది? కుటుంబాలు మాత్రం జవాబు చెప్పాల్సింది ఆయనే అన్నాయి. వాళ్లు అడిగింది సబబే అని నేననుకుంటాను.

[తెర మీద: ఒక ఇంటి బొమ్మ. గోడలకు ఒక రంగు, లోపలి మంచాలకు ఇంకో రంగు.]

ఇప్పుడు అసలు కథ. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద కేర్ హోమ్ కంపెనీ సదరన్ క్రాస్. 2004లో దాన్ని అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ బ్లాక్‌స్టోన్ కొన్నది. హోమ్‌ల భవనాల్లో చాలా వాటిని సొంతం చేసుకున్న ఎన్‌హెచ్‌పీ అనే కంపెనీని కూడా కొన్నది. తర్వాత రెండిటినీ విడదీసింది. ఎన్‌హెచ్‌పీని అమ్మేసింది. సదరన్ క్రాస్‌ని 2006లో షేర్ మార్కెట్‌లో పెట్టి, తన వాటా అమ్ముకుని బయటపడింది. గోడలు ఒకరివి, లోపలి మంచాలు ఇంకొకరివి అయ్యాయి. సదరన్ క్రాస్ అద్దెకున్నట్టు లెక్క. అద్దె ఏటా పెరగాల్సిందే, తగ్గే మాటే లేదు.

ఊరికే ఒక లెక్క వేద్దాం. యాభై గదుల హోమ్‌లో నలభై అయిదు నిండాయి. జీతాలు, తిండి, కరెంటు, అద్దె అన్నీ పోగా రెండు మూడు గదుల ఫీజు మిగిలింది అనుకోండి. ఆ చలికాలంలో ముగ్గురు చనిపోయారు, ఆ గదుల్లోకి వెంటనే ఎవరూ రాలేదు. అంతే, లాభం పోయింది. కౌన్సిల్ రేటు పెంచదు. అద్దె ఆగదు. ఇక చేతిలో ఉన్నది ఒక్కటే, డ్యూటీ చార్ట్. అందులోంచి ఒక పేరు తీసేస్తే, అక్క చెప్పిన టీకి ఇరవై నిమిషాలు ఉండవు.

2008 తర్వాత సరిగ్గా ఇదే జరిగింది. కౌన్సిళ్ల బడ్జెట్లకు కోత పడింది, గదులు ఖాళీ అయ్యాయి. 2011 జూన్‌లో సదరన్ క్రాస్ అద్దెలో 30 శాతం ఆపేస్తున్నామని చెప్పింది. జూలైలో చేతులెత్తేసింది. దాదాపు 750 హోమ్‌లు, అందులో 31 వేల మంది వృద్ధులు. తొంభై ఏళ్ల మనిషికి గది మారడం అంటే మాటలా? డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లు అలవాటైన కిటికీ, రోజూ చూసే మొహం పోతే ఎంత కంగారు పడతారో దగ్గర్నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల పిల్లలు ఆ వేసవంతా ఎంత టెన్షన్‌తో గడిపారో!

[తెర మీద: రెండు రంగుల ఇల్లు మళ్లీ ఒకే రంగులోకి]

అప్పుడు పటేల్ మళ్లీ వచ్చారు. ఎన్‌హెచ్‌పీతో కలిసి హెచ్‌సీ-వన్ అనే కొత్త కంపెనీ పెట్టి, సదరన్ క్రాస్ హోమ్‌లలో దాదాపు మూడో వంతు తీసుకున్నారు. భవనం ఓనరూ, హోమ్ నడిపేవాళ్లూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. అద్దె పెంచితే నష్టం తమకే. నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తంలో తెలివైన నిర్ణయం ఇదే. ప్రయరీ అమ్మకం దీని ముందు చిన్నది.

అయినా హోమ్‌లు చేతులు మారడం ఆగలేదు. 2014లో హెచ్‌సీ-వన్‌ని 47.7 కోట్ల పౌండ్లకు కొన్న బృందంలో పటేల్ సంస్థ కూడా ఉంది. 2017లో హెచ్‌సీ-వన్ బుపా అనే మరో కంపెనీ నుంచి ఇంకో 122 హోమ్‌లు కొన్నది. ప్రభుత్వమూ పాఠం నేర్చుకుంది. 2015 నుంచి పెద్ద కేర్ కంపెనీల ఆర్థిక పరిస్థితిని ఇంగ్లండ్‌లో ఒక నియంత్రణ సంస్థ ముందే గమనిస్తూ వస్తోంది, కుప్పకూలేదాకా ఆగకుండా.

మనకీ ఇందులో భాగం ఉంది. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచింది. మన పిల్లలూ వెళ్లారు, కొందరు ఏజెంట్లకు లక్షలు పోసి మరీ. 2024 మార్చి నుంచి కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు పోయింది. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. అక్కడ వేరేవాళ్ల అమ్మని పక్కకి తిప్పుతున్న అమ్మాయి వాళ్లమ్మ ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. అందుకే ఇప్పుడు మన ఊళ్లలోనూ అడ్వాన్సు కట్టించుకునే హోమ్‌లు వెలుస్తున్నాయి.

అమ్మ కోసం అలాంటి చోటు చూడ్డానికి వెళ్తే, లాబీలో కుండీలు చూసి రాకండి. బిల్డింగ్ సొంతమా, అద్దెదా అడగండి. అద్దెదైతే ఒప్పందం ఎన్నేళ్లు, ఏటా ఎంత పెరుగుతుంది, హోమ్ మూసేస్తే అడ్వాన్సు ఎవరిస్తారు, కాగితం మీద రాయించుకోండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది వృద్ధులకి ఎంతమంది ఉంటారో అడగండి. వీలైతే చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లి, ఎవరో ఒకరికి టీ తాగిస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి.