మోసేది నాటు గులాబీ, ప్రైజు అంటు గులాబీకి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే భోజనాల వేళ దాటిపోతుంది, మన్నించాలి. ఈ గులాబీల పోటీలో ప్రైజులు ఇవ్వమని నన్ను పిలిచారు, ఇస్తాను. కానీ పొద్దున ఎంట్రీలు రాసుకునే బల్ల దగ్గర చూసిన సంగతి ముందు చెప్పాలి.

ఒక పెద్దావిడ స్టీలు గ్లాసులో గుత్తి గులాబీలు పెట్టుకొచ్చారు. లేత రంగు నాటు గులాబీ, హాలంతా వాసన. "హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా, మినియేచర్... ఈ రకాల పోటీలే ఉన్నాయమ్మా, దీనికి లేదు" అని పంపేశారు. బల్ల దగ్గర కూర్చున్న పిల్లలు చేసేదేముంది, ఫారంలో గడే లేదు.

ఆ పువ్వును నర్సరీవాళ్లు ఎడ్వర్డ్ గులాబీ అంటారు. దాని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి, అప్పట్లో దాని పేరు బోర్బన్. అక్కడ రైతులు కంచెలకు రెండు రకాల గులాబీలు వేసేవాళ్లు. ఒకటి చైనాది, ఒకటి డమాస్క్. ఆ రెండూ కలిసి తనంతట తాను మొలిచిన మొక్క ఇది. 1817 ప్రాంతంలో బ్రెయోన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి కంట పడింది, ఆ తర్వాత గింజలు పారిస్ చేరాయి. యూరప్‌లో బోర్బన్ గులాబీల వంశమంతా అక్కడి నుంచే. మళ్లీ మళ్లీ పూసే గుణం చైనా వైపు నుంచి, వాసన డమాస్క్ వైపు నుంచి వచ్చాయి.

ఇప్పుడు అసలు మాట. మీరు నర్సరీలో కొనే అంటు గులాబీకి అడుగున వేరు ఎవరిది? చాలాచోట్ల ఈ ఎడ్వర్డ్‌దే! మన ఎండకూ మట్టికీ తట్టుకుంటుందని దాని మీద అంటు కడతారు. పైన ఉన్నది ఎండిపోతే కింద నుంచి పిలక వస్తుంది. "గులాబీ మారిపోయిందండీ" అని పీకి పారేస్తారు. పీకకండి! అది మారలేదు, ఇన్నాళ్లూ మోసింది అదే. ఒక్క పని, పైమొక్క బతికి ఉంటే మాత్రం అంటు కింద వచ్చే పిలకను మొదలంటా తీసేయాలి, లేదంటే సత్తువంతా అదే లాగేస్తుంది.

అంటు లేకుండా సొంత వేరు మీద పెంచుకుంటే ఈ గొడవే లేదు. నేలమట్టానికి ఎండినా మళ్లీ వచ్చేది అదే పువ్వు. పెన్సిలంత లావు ముదురు కొమ్మ నాటండి, నాలుగు కణుపులు, రెండు మట్టిలో, రెండు పైన. ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల, మాగిన పశువుల ఎరువు చాలు. నీళ్లు మొక్క మొదలు దగ్గర పోయండి, ఆకుల మీద కాదు. వానలు వెనకబట్టాక అక్టోబర్‌లో కత్తిరించండి. పువ్వు వచ్చేది కొత్త చిగురుకే. వాడిన పువ్వును కింద ఐదాకుల రెమ్మ దాకా కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది. మా వీధిలో ఒకాయన మొక్క మీద జాలితో కత్తెరే ముట్టడు, ఏడాదికి నాలుగు పూలు చూసి దిష్టి తగిలిందంటాడు! చలికాలం ఆకుల మీద తెల్లటి బూజు, ఎండల్లో ఎర్రనల్లి దీనికీ వస్తాయి. మందుల డబ్బాలు కొనిపించేంత టెన్షన్ మాత్రం పెట్టదు.

నిజమే, సాయంత్రానికి రేకులు రాలతాయి. వాజులో నిలవదు, కాడ పొడుగూ ఉండదు. మరి ఈ హాల్లో కప్పు కొట్టిన పువ్వుల్లో ఒక్కదాన్ని దగ్గరికెళ్లి వాసన చూసి రండి, చెబుదురుగాని.

కమిటీవారూ, వచ్చే ఏడాది ఫారంలో ఒక గడి పెంచండి. "నాటు గులాబీలు, గుత్తి" అని. కప్పు ఖర్చు నాది. మిగతావాళ్లు జూలైలో మా ఇంటికి రండి, కొమ్మలు కోసి ఇస్తాను. తడి గోనెగుడ్డ మీరే తెచ్చుకోవాలి. సరే, ఆ మొదటి ప్రైజు ఎవరిదో పిలవండి.