పానా విరిగితే ఎవరి జేబు?

(ఆటోనగర్ మెకానిక్‌ల ఆయుధపూజ సభలో ఒక టూల్స్ షాపు యజమాని చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, అసోసియేషన్ అధ్యక్ష కార్యదర్శులకు, గ్యారేజీ యజమానులకు, మేస్త్రీలకు, వెనక నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. కుర్రాళ్లూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అవి వీఐపీలకని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి.

"ఏ కంపెనీ టూల్స్ కొనాలో చెప్పు, నువ్వు అమ్మేవాడివేగా" అని కార్యదర్శి గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అమ్మేవాణ్ణి అడిగితే లాభం ఎక్కువొచ్చేదే చెబుతాడు. అందుకని ఇవాళ కౌంటర్ ఇవతలికొచ్చి మాట్లాడతాను.

షాపుకొచ్చినవాళ్లు "ఏది బెస్టు?" అంటారు. "రోజుకి ఎన్నిసార్లు పడతావు?" అని నేను తిరిగి అడుగుతాను. గ్యారేజీలో పన్నెండు, పధ్నాలుగు నంబరు పానాలకు పొద్దున్నుంచి రాత్రి దాకా విశ్రాంతి ఉండదు. ఇంటి దగ్గర బండి చైను బిగించుకునే ఆయనకి అదే పానాతో నెలకోసారి పని. ఇద్దరికీ ఒకటే కంపెనీ చెప్పేవాడి దగ్గర ఏమీ కొనకండి, నా దగ్గరైనా సరే.

కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్ అంటే మన దగ్గర టపారియా. నాసిక్‌లో చేస్తారు. ఇంటికైనా, గ్యారేజీకైనా ధైర్యంగా ఇస్తాను, అసలుదైతే. పానాల విషయానికొస్తే జలంధర్, లూధియానా. అక్కడి ఫోర్జింగ్ షాపుల్లో, అంటే ఉక్కుని కాల్చి అచ్చుల్లో కొట్టే చోట, తయారై, విదేశీ కంపెనీల పేర్లు వేయించుకుని ఓడెక్కే సరుకు చాలా ఉంది. స్టాన్లీ 1843లో అమెరికాలో పుట్టిన కంపెనీ. అంతమాత్రాన మీరు కొన్న పెట్టె అమెరికా నుంచి వచ్చిందని అనుకోకండి. ఏ దేశంలో చేశారో అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ వచ్చి "గెడోర్ ఉందా?" అంటారు. 1919లో జర్మనీలో రెమ్‌షైడ్ అనే ఊళ్లో అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. ఆ పేరుతో మన దేశంలో ఫరీదాబాద్‌లో పానాలు చేసేవారు. అది మూతపడి చాలా ఏళ్లయింది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుము కుప్పలో ఒక్కోసారి కనబడుతుంది. తుప్పు గీకి చూడండి. దవడలు విచ్చుకోకుండా, పగుళ్లు లేకుండా ఉంటే బేరం ఆడకుండా తీసుకోండి. ఈ మాట నా వ్యాపారానికి నష్టమే.

పేరు సంగతి సరే, చేతిలో పట్టుకుని ఏం చూడాలి? మీ బోల్టు మీరే తెచ్చుకోండి. పానా తొడిగి అటూ ఇటూ ఊపండి. కొత్త పానా వదులుగా ఆడుతుంటే పక్కన పెట్టేయండి. 'క్రోమ్ వెనేడియం' అని, అంటే గట్టి రకం ఉక్కని, ముద్ర ఉంటే చాలనుకోవద్దు. ముద్ర కొట్టడానికి ఖర్చేముంది? బోల్టు తల మీద టోపీలా తొడిగే సాకెట్ అయితే లోపల ఆరు మూలలున్నది తీసుకోండి. పన్నెండు మూలలది ఇరుకులో తొందరగా ఎక్కుతుంది గానీ, తుప్పు పట్టిన బోల్టు మీద మూలల్నే కొరికేస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఎమ్ టెన్, అంటే పది మిల్లీమీటర్ల మందం బోల్టు ఒకటే అయినా తల కొలత, అదే పానా నంబరు, దేశాన్ని బట్టి మారుతుంది. జపాన్ బండికి పధ్నాలుగు, పాత జర్మన్ కొలతలో పదిహేడు, ఇప్పటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) కొలతలో పదహారు. అందుకే ఇంటికి కొనేవాళ్లు అరవై ముక్కల పెట్టె జోలికి పోకుండా, ముందు మీ బండికి ఏ నంబర్లు పడతాయో కనుక్కోండి. ఎనిమిది, పది, పన్నెండు, పదమూడు, పధ్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది మంచివి ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఫోన్‌లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే నలభై ఆరు ముక్కల పెట్టె ఉంది చూశారూ, పుట్టినరోజులకి బహుమతిగా ఇస్తుంటారు. పావు అంగుళం రాచెట్ అది, సాకెట్ తగిలించి ఒక వైపే తిప్పే హ్యాండిల్. చిన్న చిన్న స్క్రూలకి పనికొస్తుంది, కాదనను. దాంతో ఆయిల్ డ్రెయిన్ బోల్టు విప్పబోయి, తల గుండ్రం చేసి, బండిని ఆటోలో వేసుకొచ్చినవాళ్లని మీరంతా చూశారు. ఆ బోల్టు తీయడానికి మీరు తీసుకునే కూలితో మంచి పానాలు సెట్టే వచ్చేది.

ఇప్పుడు యూట్యూబ్ కుర్రాళ్లు "స్నాప్‌ఆన్ లేదా అన్నా?" అంటున్నారు. ఆ కంపెనీ 1920లో మిల్వాకీలో మొదలైంది. అయిదు హ్యాండిళ్లు, పది సాకెట్లు, ఏది దేనికైనా తగిలించుకోవచ్చు, అదీ వాళ్ల మొదటి సరుకు. అమెరికాలో వాళ్ల వ్యాను గ్యారేజీ గుమ్మంలోకే వస్తుంది. మెకానిక్ తన డబ్బుతో, వాయిదాల మీద, తనే కొనుక్కుంటాడు. పని మానేస్తే పెట్టె తనతోనే పోతుంది. విరిగిన ముక్క చూపిస్తే వ్యానులో ఉన్నతను మార్చి ఇస్తాడు. ఆ ధరలో ఆ సేవ కూడా కలిసి ఉంది. వ్యాను రాని ఊళ్లో అంత డబ్బెందుకు?

మన దగ్గర పద్ధతి వేరు. టూల్స్ ఓనరువి. కనీసం అలా అనుకుంటాం.

మొన్న ఎండాకాలం షట్టరు దించే వేళకి ఒక కుర్రాడొచ్చాడు. ఐటీఐ చేసినవాడే. "అన్నా, పంతొమ్మిది సాకెట్ ఒకటివ్వు, అన్నిటికంటే తక్కువది" అన్నాడు. విరిగిందా అంటే జేబులోంచి రెండు ముక్కలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. తళతళలాడే క్రోమ్ సాకెట్. గాలి గన్నుకి, అంటే గాలి ఒత్తిడితో దెబ్బలు కొడుతూ నట్లు విప్పే మెషీనుకి, తగిలించి చక్రాల నట్లు విప్పుతున్నాడట. ఓనరు జీతంలో కోస్తానన్నాడు, ఆ కోత ఎక్కువగా ఉంటుందని ముందే తన డబ్బుతో కొనేస్తున్నాడు.

అయ్యా, ఆ సాకెట్ గన్నుకి తొడగాల్సింది కాదు. గన్ను దెబ్బలకి నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్ కావాలి. అది క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. మెరిసే క్రోమ్ సాకెట్ గట్టిగానే ఉంటుంది గానీ దెబ్బకి పెళుసు. పగిలితే ముక్క కంట్లోకే రావొచ్చు. ఆ గ్యారేజీలో నల్ల సాకెట్ ఒక్కటి కూడా లేదట. గన్ను కొన్న ఓనరు దానికి సరిపడే సాకెట్లు కొనలేదు. అది విరిగితే డబ్బులు కుర్రాడివి! కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు కాబట్టి మళ్లీ అన్నిటికంటే తక్కువది. అదీ విరుగుతుంది. "ఏ కంపెనీ మంచిది" అని సభలు పెట్టుకుంటున్నాం, మన ఊళ్లో కంపెనీని ఎంచేది ఆ కుర్రాడి ఖాళీ జేబు.

ముందు వరసలో తలలు అడ్డంగా ఊగుతున్నాయి. "కుర్రాళ్లని నెత్తికెక్కిస్తున్నావు, సామాను ఇంటికి పట్టుకుపోతారు" అంటారు. పోవడం వేరు, విరగడం వేరు అండీ. పోకుండా ఉండాలంటే చెక్క మీద ఒక్కో పానా ఆకారం రంగుతో గీసి తగిలించండి. సాయంత్రం ఖాళీ గీత కనబడితే అప్పుడే వెతకొచ్చు. విరిగిన దానికి కోత అంటారా, 1936 నాటి వేతనాల చట్టంలోనే ఒక మాట ఉండేది. పనివాడి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితేనే, అదీ వాడు చెప్పుకునేది విన్నాకే, కోత వేయాలి. తెల్లదొరల కాలంలోనే ఆ మాత్రం రాసుకున్నారు. మనం దసరా రోజు పానాలకి బొట్టు పెడతాం, దండం పెడతాం. అది పట్టిన చేతికి మాత్రం కోత పెడతాం. ఎవరైనా చెప్పండి, పోయిన ఏడాదిలో కుర్రాడి జీతంలోంచి టూల్ డబ్బులు పట్టుకోనివాళ్లు చేతులెత్తండి.

...సరే, దించండి. కొన్ని లేచాయి, సంతోషం.

కార్యదర్శి గారు చీటీ పంపారు, టార్క్ రెంచి, అంటే బోల్టుని లెక్క ప్రకారం ఎంత బిగించాలో అంతే బిగించే పానా, దాని గురించి చెప్పలేదని. గబగబా చెప్పేస్తాను. ఇంట్లో వాడేవాళ్లు ఖరీదైన రాచెట్ కంటే ముందు ఓ మాదిరి టార్క్ రెంచి కొనండి. పని అయ్యాక స్ప్రింగు వదులు చేసి, కింది అంకెకి తిప్పి పెట్టండి. దాంతో బిగుసుకున్న బోల్టులు విప్పకండి. గ్యారేజీలో అయితే ఏడాదికోసారి గానీ, అయిదు వేల సార్లు వాడాక గానీ, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించాలి. ఐఎస్ఓ లెక్క అది. మీలో ఎంతమంది చేయించారని అడగను, ఇప్పటికే చేతులెత్తించాను.

చివరిగా నా షాపు తరఫున చెప్పేది. వారంటీ ఉన్న కంపెనీల సరుకు విరిగితే ముక్కలతో పాటు బిల్లు తెండి, కంపెనీకి పంపి మార్పించే పని నాది. బిల్లు గ్యారేజీ పేరు మీదే ఉండాలి. గన్ను ఉన్న ప్రతి గ్యారేజీకి పదిహేడు, పంతొమ్మిది, ఇరవై ఒకటి నల్ల సాకెట్లు ఈ దసరాకి కొన్న ధరకే ఇస్తాను. ఒక షరతు మాత్రం ఉంది. "వాడుకలో విరిగిన పనిముట్టు ఖర్చు యజమానిదే" అని ఈ పుస్తకంలో రాసుకొచ్చాను, దాని కింద సంతకం కావాలి. పుస్తకం ముందు వరస నుంచి పంపుతున్నాను. అధ్యక్షుల వారూ, మీ గ్యారేజీలో రెండు గన్నులున్నాయి, మీతోనే మొదలుపెడదాం. పెన్ను ఇదిగోండి.