స్నోలో ఏ బండి నయం? ఫ్రంట్ వీల్, రియర్ వీల్ రెండూ ఒకే రోజు నడిపి చూశాం

నమస్తే అండి. ఉదయం ఎనిమిది దాటింది, డెట్రాయిట్ పక్కన నోవైలో ఉన్నాం, బయట మైనస్ 6 డిగ్రీలు, రాత్రంతా పడిన స్నో ఇప్పుడు నా చీలమండ దాకా ఉంది. ఇది మా ఆఫీసు వెనకున్న పార్కింగ్ లాట్, ఆదివారం కాబట్టి ఒక్క బండీ లేదు, ముందే అడిగి పర్మిషన్ తీసుకున్నాం. నా వెనక కనిపిస్తున్న ఎర్ర సెడాన్ నాది, ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. దాని పక్కన బూడిద రంగుది మా బావమరిదిది, రియర్ వీల్ డ్రైవ్, అంటే వెనక చక్రాలను తిప్పుతుంది. రెండూ పాతవే, రెండింటికీ ఆల్ సీజన్ టైర్లే, అరుగుదల కూడా ఇంచుమించు సమానం. కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే ఇవాళ మనం చూసేది కంపెనీని కాదు, ఇంజను బలం ఏ చక్రాలకు వెళ్తోంది అన్నదాన్ని.

ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ముందు చెప్తాను. ఏటా ఆగస్టులో మన పిల్లలు ఎంఎస్ చదవడానికి ఇక్కడికి వస్తారు. అప్పుడు ఎండ కాస్తుంటుంది, రోడ్లు పొడిగా ఉంటాయి, చేతిలో ఉన్న డబ్బుకి ఎవరో అమ్మేస్తున్న స్పోర్ట్స్ సెడాన్ దొరుకుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కొనేస్తారు. అది రియర్ వీల్ డ్రైవ్ అన్న సంగతి మొదటి స్నో పడ్డ రోజున గానీ తెలియదు. "అన్నా, బండి అపార్ట్‌మెంట్ ముందు నుంచే కదలట్లేదు" అని ఫోన్ చేస్తారు. కదలకపోతే నయమే, ఆ రోజుకి ఇంట్లో ఉంటారు. కదిలి, హైవే దాకా వెళ్లి, ఎగ్జిట్ ర్యాంపు వంపులో వెనక భాగం తిరిగిపోతే ఏమవుతుందో అన్నదే నా టెన్షన్.

విషయం అర్థం కావడానికి మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. మాది గుంటూరు జిల్లా, ఊరి చుట్టూ నల్లరేగడి. నాన్నకు అంబాసిడర్ ఉండేది. వానాకాలంలో పొలం దారిలో పోతే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గుంట తవ్వుకుని దిగబడిపోయేవి, ఎంత తొక్కితే అంత లోతుకి. అప్పుడు నాన్న ఇద్దరు మనుషుల్ని వెనక బంపరు మీద నిలబెట్టి, గేరు వేసి మెల్లగా లాగేవారు, బయటికి వచ్చేది. తిరిగే చక్రం మీద బరువు పడితేనే పట్టు. ఆ తర్వాత మారుతి 800 వచ్చింది, చిన్న బండి, చిన్న ఇంజను, కానీ అదే దారిలో అంబాసిడర్ కన్నా తేలిగ్గా బయటపడేది, ఎందుకంటే అందులో ఇంజనూ ముందే, తిరిగే చక్రాలూ ముందువే. స్నోలో జరిగేది కూడా సరిగ్గా ఇదే.

మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండిలో మొత్తం బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీదే ఉంటుంది. రియర్ వీల్ సెడాన్లలో చాలావాటికి ముందూ వెనకా సగం సగం ఉండేలా కట్టడం గొప్ప. పొడి రోడ్డు మీద అది నిజంగా గొప్పే, గట్టిగా తొక్కినప్పుడు బరువు వెనక్కి వాలి వెనక చక్రాలు రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. కానీ స్నోలో గట్టిగా తొక్కేదెక్కడ? ఆ వాలడమూ ఉండదు, ఆ లాభమూ ఉండదు.

సరే, మొదలుపెడదాం. ముందు చదునుగా ఉన్నచోట, ఆగి ఉన్న బండి కదలడం. ఎర్ర బండి చూడండి, కాస్త గీరుకుంది, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లైటు రెండుసార్లు వెలిగి ఆరింది, వెళ్లిపోయింది. ఇప్పుడు బూడిద రంగుది. "బావా, తొక్కుతున్నా గానీ ఇంజను బలం ఇవ్వట్లేదు" అంటున్నాడు. ట్రాక్షన్ కంట్రోల్ ఇంజనుని నొక్కి పెడుతోంది, వెనక చక్రం జారుతోంది కాబట్టి. కదిలింది, కానీ తోక కుడివైపుకి ఎలా జరిగిందో చూశారా? అందుకే మెత్తటి స్నోలో నిజంగా కూరుకుపోయినప్పుడు ట్రాక్షన్ కంట్రోల్‌ని కాసేపు ఆపేసి, ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం ఊపుతూ బయటికి తెచ్చుకోవాలి, రోడ్డెక్కగానే మళ్లీ ఆన్ చేయాలి. ఆ చివరి మాట మర్చిపోకండి.

ఇప్పుడు అదిగో ఆ లోడింగ్ ర్యాంపు, చిన్న ఎత్తే. బూడిద రంగు బండి సగం దాకా వెళ్లి ఆగిపోయింది, అక్కడి నుంచి వెనక్కి జారింది, నేను పక్కకి తప్పుకున్నాను, మీరు కూడా బండి వెనక ఎవరూ నిలబడకుండా చూసుకోండి. ఎర్రది ఎక్కింది గానీ చివర్లో తడబడింది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కదా, ఫ్రంట్ వీల్ బండికి ముందు చక్రాల మీద పట్టు తగ్గేది అక్కడే. నిటారుగా ఉన్న డ్రైవ్‌వే ఎక్కలేకపోతే పాత తరం వాళ్లు ఫ్రంట్ వీల్ బండిని తిప్పి రివర్స్‌లో ఎక్కించేవారు, అప్పుడు తిరిగే చక్రాలు కింది వైపు ఉండి బరువంతా వాటి మీద పడుతుంది. ఇప్పుడే చేసి చూపించాను, ఇందాకటి తడబాటు లేకుండా ఎక్కింది.

అసలు సంగతి మలుపులో ఉంది, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం. టైరుకి ఉండే పట్టు అంతా కలిపి ఒక ముద్ద అనుకోండి. అందులోంచే బండిని లాగడానికి కొంత, తిప్పడానికి కొంత, ఆపడానికి కొంత తీసుకోవాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ముందు టైర్లే లాగాలి, ముందు టైర్లే తిప్పాలి. అందుకే మలుపులో గ్యాస్, అంటే యాక్సిలరేటర్, ఎక్కువైతే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా ముక్కు మీదుగా పోతుంది, దీన్ని అండర్‌స్టీర్ అంటారు. భయపడి ఇంకా తిప్పుతాం, ఇంకా తిప్పితే ఇంకా పట్టు పోతుంది. చేయాల్సింది గ్యాస్ మీంచి కాలు మెల్లగా తీయడం, స్టీరింగ్ కొంచెం వెనక్కి విడవడం, పట్టు దొరికాక మళ్లీ తిప్పడం. మనిషికి సహజంగా కాలు తీయాలనే అనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకి ఫ్రంట్ వీల్ బండి నయం అనేది ఇందుకే.

రియర్ వీల్‌లో ముందు టైర్లు తిప్పడం ఒక్కటే చూసుకుంటాయి కాబట్టి ముక్కు చక్కగా మాట వింటుంది. కానీ గ్యాస్ కాస్త ఎక్కువైతే వెనక టైర్లు పక్కకి జారి తోక బయటికి వస్తుంది, ఓవర్‌స్టీర్ ఇదే. ఇక్కడ మన సహజ బుద్ధి మనల్ని ముంచుతుంది. ఒక్కసారిగా బ్రేక్ తొక్కినా, గ్యాస్ పూర్తిగా వదిలేసినా బరువు ముందుకి దూకి వెనక ఇంకా తేలికై ఇంకా తిరుగుతుంది. మీరు వెళ్లాల్సిన వైపు చూడండి, చూపు ఎటుంటే చేతులు అటే పోతాయి, స్టీరింగ్ అటు తిప్పండి, గ్యాస్ నెమ్మదిగా తగ్గించండి. నాకు రెండేళ్ల కిందట మా సబ్‌డివిజన్, అంటే ఇళ్ల కాలనీ, మలుపులో సరిగ్గా ఇదే జరిగింది, అరువు తెచ్చుకున్న రియర్ వీల్ బండి, చూపు కరెంటు స్తంభం మీద పడింది, బండి కూడా దాని వైపే వెళ్లింది. పక్కన పేరుకున్న స్నో గుట్ట ఆపింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఏటా మొదటి స్నోకి ఇలా ఖాళీ లాట్‌లో అరగంట ప్రాక్టీసు చేస్తాను, ఇంట్లో వాళ్ల చేత కూడా చేయిస్తాను.

2012 మోడల్ నుంచి అమెరికాలో కొత్త కార్లన్నింటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి చేశారు, అది ఒక్కో చక్రాన్ని విడిగా బ్రేక్ వేస్తూ ఈ జారుడుని చాలావరకు సరిదిద్దుతుంది. చాలా పాత రియర్ వీల్ బండి చవగ్గా వస్తోందంటే అందులో ఇది ఉందో లేదో చూసి కొనండి.

ఇప్పుడు బ్రేకింగ్. ఇదిగో ఈ కోన్ దగ్గర, రెండు బండ్లూ ఒకే వేగంతో వచ్చి, ఒకేచోట బ్రేక్. చూశారా, రెండూ దాదాపు ఒకేచోట ఆగాయి! బ్రేక్ నాలుగు చక్రాలకీ పడుతుంది, ఏ చక్రం లాగుతోంది అన్నదానితో పెద్దగా సంబంధం లేదు. నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీకి కూడా ఇదే మాట. స్నో పడ్డ రోజు ఐ-96 హైవే పక్కన గుంటల్లో పడి ఉన్న బండ్లలో పెద్ద ఎస్‌యూవీలు కూడా కనిపిస్తాయి, కదలడం తేలికైంది కదా అని ఆగడం కూడా తేలికే అనుకుంటే అంతే. లెక్క వేసి చెప్తాను. గంటకి 30 మైళ్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేక్ పడ్డాక ఓ 12 మీటర్లలో ఆగే బండి, తొక్కి గట్టిపడిన స్నో మీద 35 మీటర్లు దాటిపోతుంది, ఐస్ మీద 90 మీటర్ల దాకా పోవచ్చు. మనం బ్రేక్ మీద కాలు పెట్టేలోపు పోయే దూరం ఇందులో లేదు.

ఇక నేను మీకు చూపించాలని తెగ ఎదురుచూసిన భాగం. బావమరిది బండికి వింటర్ టైర్లు ఉన్నాయి, గరాజ్‌లో పడేసి ఉంచాడు. నాలుగూ తెచ్చి ఇక్కడే జాకీ పెట్టి మార్చాం, చేతులు కొంకర్లు పోయాయి గానీ పర్లేదు. ఇప్పుడు అదే రియర్ వీల్ బండి, అదే ర్యాంపు. ఎక్కింది! ఇందాక సగంలో ఆగిన చోట కూడా ఆగలేదు. బ్రేక్ కోన్ దగ్గర కూడా నా ఎర్ర బండి కన్నా చాలా ముందే ఆగింది. ఇవాళ్టి ఫలితం నా వరకు ఇదే. వింటర్ టైర్లున్న రియర్ వీల్ బండి, అరిగిన ఆల్ సీజన్ టైర్లున్న ఫ్రంట్ వీల్ బండి కన్నా నయం, కొంచెం కాదు, బాగా నయం.

దీనికి కారణం రబ్బరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయేకొద్దీ గట్టిపడుతుంది, వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది, పైగా దాని దిమ్మల్లో సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి, అవి స్నోని కొరికి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉంటుంది, అది చూసి కొనండి. ఎం ప్లస్ ఎస్, అంటే మడ్ ప్లస్ స్నో, అని మాత్రమే ఉంటే అది చాలదు. ఇంకో ముఖ్యమైన సంగతి, స్పోర్ట్స్ సెడాన్లకి కొన్నిటికి సమ్మర్ టైర్లు ఉంటాయి, వాటితో ఇవాళ్టి లాంటి రోజు రోడ్డెక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, దయచేసి వద్దు. కెనడాలో క్యూబెక్ వాళ్లు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టంగానే పెట్టారు. ఇక్కడ మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు, అందుకే ఎవరూ చెప్పరు.

కొంటే నాలుగూ కొనండి. డబ్బు మిగులుతుందని లాగే చక్రాలకి మాత్రమే రెండు వేయించేవాళ్లున్నారు. ఫ్రంట్ వీల్ బండికి ముందు రెండే వేస్తే ముందు పట్టు దొరుకుతుంది, వెనక దొరకదు, బ్రేక్ వేస్తే తోక తిరుగుతుంది. ఖర్చు ఎక్కువనిపిస్తుంది, నిజమే, స్టూడెంట్లకి మరీను, కానీ చలికాలం నాలుగు నెలలూ మీ మామూలు టైర్లు అరగవు కదా, అవి అంత ఎక్కువ కాలం వస్తాయి.

టెస్లా మోడల్ 3 రియర్ వీల్ డ్రైవ్ గురించి చాలామంది అడిగారు. అందులో మోటారు వెనక ఇరుసు మీదే ఉంటుంది, వెనక బరువు సగానికి కాస్త ఎక్కువే, మోటారు బలాన్ని కంప్యూటర్ రెప్పపాటులో తగ్గించగలదు, కాబట్టి పాత రియర్ వీల్ బండ్లంత కష్టం కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి. పెడల్ వదలగానే రీజెన్ బ్రేకింగ్, అంటే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపడం, వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ఐస్ మీద అది తోకని తిప్పగలదు, పెడల్ మీంచి కాలు మెల్లగా తీయండి. కూరుకుపోతే మెనూలో స్లిప్ స్టార్ట్ ఉంటుంది, అది చక్రాలను కాస్త జారనిచ్చి బండిని బయటికి రానిస్తుంది.

డిక్కీలో ఇసుక బస్తాలు వేయడం పనిచేస్తుందా అంటే రియర్ వీల్‌కి పనిచేస్తుంది, మా నాన్న అంబాసిడర్ కిటుకే అది. డిక్కీ చివర కాదు, వెనక ఇరుసుకి దగ్గరగా పెట్టి, జరగకుండా కట్టండి. చెయిన్లు వేయాల్సి వస్తే లాగే చక్రాలకే, అంటే ఫ్రంట్ వీల్‌కి ముందు, రియర్ వీల్‌కి వెనక. హైదరాబాదు నుంచి బండేసుకుని మనాలి, సోలాంగ్ వెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది, అక్కడ అద్దెకి చెయిన్లు ఇచ్చేవాళ్లు ఏ చక్రానికి వేస్తున్నారో మీరే నిలబడి చూసుకోండి, పాత ఇన్నోవా అయితే వెనక, ఇన్నోవా హైక్రాస్ అయితే ముందు.

ఫ్రంట్ వీల్ స్నోలో పనికొస్తుందన్నది ఇవాళ్టి మాట కాదు. చలికాలంలో జరిగే మాంటె కార్లో కార్ల ర్యాలీని 1962, 1963లో ఎరిక్ కార్ల్‌సన్ అనే డ్రైవరు చిన్న సాబ్ 96తో గెలిచాడు, 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ మినీ కూపర్ ఎస్‌తో గెలిచాడు. రెండూ ఫ్రంట్ వీల్ బండ్లే, మంచు కప్పిన ఆల్ప్స్ ఘాట్ రోడ్ల మీద తమకన్నా బలమైన పెద్ద బండ్లని దాటేశాయి.

ఉప్పు గురించి ఒక్క మాట. డెట్రాయిట్ ఊరి కింద దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, రోడ్ల మీద చల్లే ఉప్పు తీసేది అలాంటిచోటే. ఉప్పు చల్లారు కదా అని ధైర్యపడకండి, మైనస్ 9 డిగ్రీల కిందికి పోతే మామూలు ఉప్పు పని మందగిస్తుంది, రోడ్డు తడిగా కనిపిస్తూనే ఐస్ అయి ఉంటుంది, వంతెనల మీద మరీ ముందుగా.

కొత్తగా కొనేవాళ్లు నన్నడిగితే మొదటి చలికాలానికి స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న ఫ్రంట్ వీల్ సెడాన్, దాంతోపాటు నాలుగు వింటర్ టైర్లు. ఇప్పటికే రియర్ వీల్ కొనేసి ఉంటే అమ్మేయక్కర్లేదు, టైర్లు మార్చండి, మీకు దగ్గర్లో ఖాళీ లాట్ చూసుకుని పర్మిషన్ తీసుకుని అరగంట తిప్పండి.

అదిగో స్నో తీసే బండి వచ్చేసింది, ఇంక మనం ఖాళీ చేయాలి. నా ఎర్ర బండికి ఈ శనివారం వింటర్ టైర్లు వేయిస్తున్నాను, దానితో ఇదే ర్యాంపు మళ్లీ ఎక్కి చూపిస్తాను. మీరు ఏ ఊళ్లో ఉన్నారో, మీది ఏ బండో, ఏ టైర్లో కింద రాయండి, ప్రతి ఒక్కటీ చదివి జవాబు ఇస్తాను.