తెల్లారేసరికి బస్సు ఒరిగిపోతోందా? ఎయిర్ సస్పెన్షన్ లీకు పట్టుకుందాం

(దృశ్యం: తెల్లవారుజాము. కంకర నేల మీద 40 అడుగుల పాత కోచ్. వెనక కుడి మూల బాగా దిగి ఉంది.)

నమస్తే అండీ. రాత్రి పడుకునేటప్పుడు బస్సు నిటారుగానే ఉంది. పొద్దున టీకి స్టవ్ మీద పాలు పెడితే, గిన్నెలో పాలు కుడివైపు అంచుకి వేలెడు ఎక్కువగా ఉన్నాయి. అలా తెలిసింది నాకు, మా బస్సు ఒరిగిందని.

ప్రయాణికుల సీట్లన్నీ తీసేసి, మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు పెట్టి ఇల్లుగా మార్చుకున్న కోచ్ ఇది. అమెరికాలో ఇలా మార్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1953లో జీఎం పీడీ-4104 కోచ్ ఎయిర్ సస్పెన్షన్‌తో రోడ్డెక్కింది. ఆ కాలపు బస్సుల్ని ఇప్పటికీ ఇల్లుగా చేసుకుని తిరుగుతున్నవాళ్లున్నారు. హైదరాబాద్ నుంచి విజయవాడకి గరుడ వోల్వోలో వెళ్లినవాళ్లకి ఈ సస్పెన్షన్ మెత్తదనం తెలుసు. ఇనుప కమానులకు బదులు, బండి బరువంతా రబ్బరు సంచుల్లోని గాలి మీద ఉంటుంది. వీటిని ఇక్కడ అమెరికాలో ఎయిర్ బ్యాగ్ అంటారు, మనవైపు బెలో అంటారు.

లీకు వెతకడానికి ముందే ఒక మాట చెప్పాలి, దీన్ని దాటేసి ముందుకెళ్లొద్దు. గాలి మీద నిలబడిన బస్సు కిందికి ఎప్పుడూ దూరకండి. ఇల్లుగా మార్చిన 40 అడుగుల కోచ్ దాదాపు 15 టన్నులు ఉంటుంది. ఒక గొట్టం ఊడితే క్షణాల్లో నేలకి దిగుతుంది, పక్కకి తప్పుకునే టైమ్ ఉండదు. జాక్ ఒక్కటే పెట్టినా సరిపోదు. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, మాన్యువల్‌లో చూపించిన చోట్ల బాడీ కింద స్టాండ్లు గానీ గట్టి కలప దిమ్మలు గానీ పెట్టాకే తల లోపల పెట్టండి. మా ఇంట్లో నేను కింద ఉన్నంతసేపూ స్టీరింగ్ దగ్గరికి ఎవరూ వెళ్లరు, ఇంజిన్ తాళంచెవి నా జేబులోనే ఉంటుంది.

(దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో గీసిన బొమ్మ.)

గాలి ఎలా వెళ్తుందో చూద్దాం. కంప్రెసర్ నుంచి గాలిలో తేమ తీసే డ్రైయర్‌కి, అక్కడి నుంచి ట్యాంకులకి, తర్వాత లెవెలింగ్ వాల్వులకి, అక్కడి నుంచి బ్యాగులకి. లెవెలింగ్ వాల్వుకి ఒక చెయ్యి ఉంటుంది, దాన్ని ఒక కడ్డీతో యాక్సిల్‌కి తగిలిస్తారు. బస్సు దిగితే ఆ చెయ్యి పైకి లేచి బ్యాగులోకి గాలి వదులుతుంది. బస్సు లేస్తే చెయ్యి దిగి గాలి బయటికి పోతుంది.

చాలా కోచ్‌లలో ఇలాంటి వాల్వులు మూడే ఉంటాయి, ముందు ఒకటి, వెనక అటొకటి ఇటొకటి. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు కదా, అందుకే. కొన్ని మోడళ్లలో అమరిక వేరేగా ఉంటుంది, మీ మాన్యువల్ చూసుకోండి. ఈ మూడు కాళ్ల లెక్క మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే. ముందు రెండు బ్యాగులకీ గాలి ఒకే వాల్వు నుంచి వస్తుంది. కాబట్టి ఎడమ బ్యాగు కారినా రెండూ కలిసే దిగుతాయి. దిగిన వైపే లీకు ఉండాలని లేదు.

నేను మోసపోయింది కూడా ఇక్కడే. వెనక కుడివైపు దిగితే బస్సు బాడీ మొత్తం కుడికి ఒరుగుతుంది. ముందు బ్యాగులు రెండింటి గాలీ ఒకటే కనక అవి ఆ ఒరగడాన్ని ఆపలేవు. దాంతో ముందు కుడి మూల కూడా దిగినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి ముందు కుడి బ్యాగుని రెండు రోజులు వెతికాను. దానికి ఏమీ లేదు.

అందుకే కంటికి కనిపించేదాన్ని నమ్మకండి, కొలవండి. బస్సు పూర్తి గాలి మీద ఉన్నప్పుడు నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఇంజిన్ ఆపి గంటకి, రెండు గంటలకి, పొద్దున మళ్లీ కొలవండి. ట్యాంకు గేజీలు కూడా రాసుకోండి.

గేజీ సంగతి ఒకటి చెప్పాలి. సాయంత్రం 30 డిగ్రీలు ఉండి తెల్లవారికి 5 డిగ్రీలకి పడిపోతే, 100 పీఎస్ఐ చూపించిన ట్యాంకు లీకు లేకుండానే 91 దగ్గరికి వస్తుంది. గాలి చల్లబడి ముడుచుకోవడమే కారణం. చలికాలంలో ఇది చూసి టెన్షన్ పడకండి.

ఇంకో తికమక, ట్యాంకు ఖాళీ అయితే లీకు ట్యాంకు దగ్గరే ఉందనుకోవడం. బ్యాగు కారుతుంటే బస్సు దిగుతుంది, వాల్వు చెయ్యి లేస్తుంది, ట్యాంకు గాలి ఆ కారే బ్యాగులోకే పోతుంటుంది. ఆ పారుదల ఎక్కడో ఒకచోట ఆగాలి. బ్రేకులకి గాలి మిగలడం కోసం చాలా కోచ్‌లలో ప్రొటెక్షన్ వాల్వు దాదాపు 60–70 పీఎస్ఐ దగ్గర సస్పెన్షన్‌కి గాలి ఆపేస్తుంది. గేజీ అంతకంటే కిందికి జారుతూనే ఉంటే బ్రేకుల వైపు కూడా చూపించుకోవాలి, అది మెకానిక్ పని.

(దృశ్యం: స్ప్రే సీసా, టార్చిలైటు, పెయింట్ బ్రష్.)

ఇప్పుడు సబ్బు నీళ్లు. పంచర్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారే, ఇదీ అదే పని. బస్సుని తొట్టిలో ముంచలేం కాబట్టి నీళ్లనే దాని దగ్గరికి తీసుకెళ్తున్నాం. గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త చిక్కగా కలపండి. చుట్టుపక్కల ఏసీలు, జనరేటర్లు ఆగాక, రాత్రిపూట ముందు చెవితో వినండి. తర్వాత స్ప్రే చేసి, ఒక్కో చోటా నిమిషం ఆగి చూడండి. పెద్ద లీకు బుడగలు పొంగిస్తుంది, చిన్న లీకు తెల్లటి మీగడలా మెల్లగా పేరుకుంటుంది.

కప్లింగులు, గొట్టాల మలుపులు, బ్యాగు పై ప్లేటు అంచు, లెవెలింగ్ వాల్వు గాలి వదిలే రంధ్రం, ఇవన్నీ తడపండి. బస్సు సరైన ఎత్తులో ఉండి, చెయ్యి మధ్యలో ఉన్నా ఆ రంధ్రం దగ్గర నురగ ఆగకుండా వస్తుంటే వాల్వు లోపల పోయినట్టు. తుప్పు పొడి, కంప్రెసర్ నూనె మరక చేరినా అలా అవుతుంది. ట్యాంకు అడుగున నీళ్లు వదలకపోతే ఆ చెత్త ఇక్కడికే చేరుతుంది. ఇల్లుగా మార్చిన బస్సులో ఇంకా కొన్ని చోట్లు చూడాలి. నేల చెక్కలు బిగించేటప్పుడు కింద గొట్టానికి స్క్రూ తగిలిందేమో. గాలి హారన్‌కి, లోపలి జారుడు తలుపుకి ఎవరో తర్వాత కలిపిన T ఆకారపు కప్లింగులు కారుతున్నాయేమో.

మా బస్సు లీకు వీటిలో ఏదీ కాదు. వెనక కుడి బ్యాగు పూర్తి ఎత్తులో ఉన్నప్పుడు ఎంత తడిపినా ఒక్క బుడగ రాలేదు. బాడీని రెండు అంగుళాలు కిందకి దించి దిమ్మల మీద కూర్చోబెట్టాను. రబ్బరు మడత చోటు మారింది. అప్పుడు కనిపించింది, మడత మీద వేలిగోరంత పగులు, లోపలి దారాలు బూడిదరంగులో బయటపడి ఉన్నాయి. సబ్బు నీళ్లు తగలగానే సూది మొనంత బుడగలు వరసగా లేచాయి.

దారం కనిపించిన బ్యాగుకి అతుకు వేయకండి. రబ్బరు సొల్యూషన్, టేపు, సీలెంట్, ఏదీ పనికిరాదు. మార్చాల్సిందే. రెండో పక్కదీ అదే వయసుదైతే రెండూ కలిపి మార్చడమే మంచిదని నా ఉద్దేశం.

మార్చేటప్పుడు ముందు బాడీని మామూలు ఎత్తులో స్టాండ్ల మీద నిలబెట్టండి. ట్యాంకుల్లో, బ్యాగుల్లో గాలంతా వదిలేయండి. వాల్వు కడ్డీ విప్పి పక్కన పెట్టండి. పాత బ్యాగు తీశాక పై ప్లేటు ఆనే చోటు తుప్పు గీకండి. మరలకి తెల్ల టేపు కాకుండా పేస్టు రకం సీలెంట్ వాడండి, టేపు ముక్క తెగి వాల్వులో ఇరుక్కుంటుంది. నైలాన్ గొట్టం వంకరగా కోస్తే కప్లింగులో కూర్చోదు, గొట్టానికి అడ్డంగా తిన్నగా కోయండి. పైనా కిందా బిగించకుండా కొత్త బ్యాగులో గాలి ఎక్కించకండి, పేలగలదు. బిగించాక ఎత్తు మీదే కాస్త గాలి నింపి, రబ్బరు గుండ్రంగా మడత పడిందని చూసుకుని, ఆ తర్వాతే స్టాండ్లు తీయండి.

(దృశ్యం: చక్రం పక్కన టేపు, చేతిలో నోట్‌బుక్.)

కడ్డీ మళ్లీ తగిలించి, ఎత్తు మాన్యువల్‌లో ఉన్న కొలతకి తెచ్చి, సాయంత్రం ఏడింటికి టేపు పెట్టాను. వెనక కుడి 17 అంగుళాలు. పొద్దున ఆరింటికి మళ్లీ కొలిచాను. 17 అంగుళాలే ఉంది. లోపలికెళ్లి స్టవ్ మీద పాలు పెట్టాను.