పిండి కొద్దీ రొట్టె, బరువు కొద్దీ స్కీ: 116 మోజు మనకెందుకు?

నమస్తే అందరికీ. ఉపోద్ఘాతం లేదు, సూటిగా లెక్కలోకి వెళ్దాం. మెత్తటి మంచులో 65 కిలోల మనిషి, మధ్యలో (స్కీ నడుము దగ్గర) 100 మిల్లీమీటర్ల వెడల్పున్న స్కీ మీద ఎక్కితే, 90 కిలోల మనిషి 116 మీద తేలినదానికంటే బాగా తేలతాడు. మళ్ళీ చెప్తున్నా వినండి. సన్న స్కీ మీద ఉన్న తేలికపాటి మనిషే పైన ఉంటాడు. వెడల్పు స్కీ మీద ఉన్న బరువైన మనిషే ఎక్కువ దిగబడతాడు.

మరి సీజన్ మొదలయ్యేసరికి మనవాళ్ళ మధ్య తిరిగే మాట ఏంటి? "బ్యాక్‌కంట్రీ పౌడర్ అంటే 115 పైనే తీసుకో, అంతకంటే సన్నవి రిసార్ట్ వాళ్ళకి." బ్యాక్‌కంట్రీ అంటే లిఫ్టులు లేని కొండలు, పౌడర్ అంటే కొత్తగా పడ్డ మెత్తటి మంచు. అమెరికాలో బెల్‌వ్యూలో ఇదే మాట, డెన్వర్‌లో ఇదే, సాల్ట్ లేక్‌లో ఇదే. రెండేళ్ళు రిసార్ట్‌లో తిరిగి, కొత్తగా స్కిన్స్ (ఎక్కేటప్పుడు జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలు) వేసుకుని కొండ ఎక్కుదామనుకునే ప్రతి ఒక్కరి చెవిలో ఈ మంత్రమే ఊదుతున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ 115 ఎవరి కొలత? ఆరడుగుల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్న మనిషి స్కీ పరీక్షించి చెప్పిన కొలత. మనలో చాలామంది 65, 70 కిలోల మనుషులం. ఆయన చొక్కా మనం వేసుకుంటామా? వేసుకోం కదా. మరి ఆయన స్కీ ఎందుకు వేసుకుంటున్నాం?

లెక్క చూపిస్తా, కాగితం తీసుకోండి. బూట్లు, బట్టలు, బ్యాగ్, స్కీలు అన్నీ కలిపి ఇద్దరికీ 17 కిలోలు వేసుకుందాం. ఆ పెద్ద మనిషి 107 కిలోలు. ఆయన స్కీ 188 సెంటీమీటర్లు, నడుము 116. టిప్ (ముందు కొస) వెడల్పు, టెయిల్ (వెనక కొస) వెడల్పు, నడుము కలిపి సగటు తీస్తే 123 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. రెండు స్కీల వైశాల్యం దాదాపు 4,600 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 23 గ్రాములు. ఇప్పుడు మనవాడు: 82 కిలోలు. స్కీ 176, నడుము 100, సగటు వెడల్పు 108. రెండూ కలిపి 3,800. చదరపు సెంటీమీటరుకి 21న్నర గ్రాములు. అయిపోయింది. 16 మిల్లీమీటర్లు తక్కువ ఉన్నా మంచు మీద పడే ఒత్తిడి మనవాడిదే తక్కువ. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. బరువు కొద్దీ స్కీ.

50, 55 కిలోలు ఉన్న అమ్మాయిలకి కూడా 112 అంటగడుతున్నారు. అది ఇంకా దారుణం. వాళ్ళకి 164 సెంటీమీటర్ల పొడవులో 92 నుంచి 98 చాలు. చాలు అంటే సర్దుకుపోవడం కాదు, నిండుగా సరిపోతుంది.

"సరే, ఎక్కువ తేలితే నష్టమేంటి? 116 తీసుకుంటే ఇంకా పైన తేలతాం కదా" అంటారా? నిజమే. అదే 65 కిలోల మనిషి 180 పొడవున్న 116 మీద ఎక్కితే పద్దెనిమిదిన్నర గ్రాములకి దిగుతుంది. మూడు గ్రాముల లాభం. ఆ మూడు గ్రాములకి ఎంత ధర కడుతున్నాడో చూడండి.

మొదటిది బరువు. టూరింగ్ కోసం, అంటే సొంత కాళ్ళతో కొండ ఎక్కి దిగడం కోసం, చేసిన 100 నడుము స్కీ ఒక్కొక్కటి 1,400 నుంచి 1,600 గ్రాములు ఉంటుంది. 116 అయితే 1,800 నుంచి 2,000, ఒక్కోసారి ఇంకా పైన. దానికి వెడల్పు స్కిన్, పెద్ద బ్రేక్ (బూటు ఊడితే స్కీ జారిపోకుండా ఆపేది). కాలికి 400 గ్రాములు ఎక్కువ పడిందనుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కాలి, ఒక్కో అంగలో 18 సెంటీమీటర్లు పైకి వెళ్తామనుకుంటే ఐదున్నర వేల అంగలు. ఐదున్నర వేల సార్లు 400 గ్రాములు. రెండు టన్నులు దాటింది! లేపడం కాదు, ఈడ్వడమే, ఒప్పుకుంటా. కానీ రెండు టన్నులు ఈడ్చాకే దిగడం మొదలవుతుంది. పైగా వెడల్పు స్కీ పైభాగం మీద మంచు కూడా ఎక్కువ పేరుకుంటుంది, అది ఈ లెక్కలో లేదు.

రెండోది, అసలైనది, అంచు. ఇది ఎవరూ చెప్పరు. స్కీ బూటు మడమ దగ్గర సోల్ వెడల్పు దాదాపు 70 మిల్లీమీటర్లు. 100 స్కీలో ఇనుప అంచు సోల్‌కి 15 మిల్లీమీటర్లు బయట ఉంటుంది. 116లో 23 మిల్లీమీటర్లు బయట. మెత్తటి మంచులో ఇది తెలియదు. గాలికి గట్టిపడిన పెచ్చు మీద, పొద్దున్నే గడ్డకట్టిన వాలు మీద అడ్డంగా వెళ్ళాలంటే, ఆ 23 మిల్లీమీటర్లు మీటకర్రలా చీలమండని తిప్పేస్తుంది. ఎక్కేటప్పుడైతే పిన్ బైండింగ్‌లో (బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) బూటు ముందువైపు రెండే రెండు పిన్నుల మీద ఉంటుంది, మడమ వదులు. అంచు నిలవదు, స్కీ బోర్లుతుంది, స్కిన్ మొత్తం మంచుని వదిలేస్తుంది, మనిషి కిందికి జారతాడు. అప్పుడు స్కీ క్రాంపాన్లు, అంటే మంచులో గుచ్చుకునే పళ్ళ పట్టీలు, కావాలి. ఆ క్రాంపాన్ కూడా స్కీ నడుముకంటే వెడల్పు ఉండాలి. 120 సైజులో అన్ని బైండింగ్ కంపెనీలవీ దొరకవు. కొనేముందే చూసుకోండి.

మన ఊళ్ళో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. బురద మళ్ళో వాటిని మించినవి లేవు. అదే చక్రాలతో తారురోడ్డు ఎక్కితే? 116 స్కీ కూడా అలాంటిదే. బురద మడి వరకు ఎవరైనా మోసుకెళ్ళి దింపితే మహారాజులా ఉంటుంది.

మోసుకెళ్ళి దింపితే అన్నాను కదా, ఇక్కడ ఒక్క నిమిషం చరిత్రలోకి వెళ్దాం, ఎందుకంటే నా వాదన మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఈ వెడల్పు స్కీ ఎక్కడ పుట్టింది? 1980ల చివర్లో ఆస్ట్రియాలో అటామిక్ కంపెనీ ఇంజనీరు రూపర్ట్ హ్యూబర్ స్నోబోర్డ్‌ని నిలువునా రెండు ముక్కలు కోసి చూశాడు. దాని నుంచి వచ్చిందే పౌడర్ ప్లస్ అనే స్కీ. దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఎవరు? కెనడాలో మైక్ వీగలీ హెలికాప్టర్ స్కీయింగ్ కంపెనీ. డబ్బు కట్టి వచ్చే అతిథులు, అంతగా స్కీయింగ్ రానివాళ్ళు, లోతు మంచులో అలసిపోకుండా దిగాలి. తర్వాత షేన్ మెకాంకీ అనే స్కీయర్ వాటర్ స్కీలకి బైండింగులు బిగించి అలాస్కా మంచులో దిగాడు. వోలాంట్ కంపెనీ స్కీ స్పాట్యులా అలా వచ్చింది, నడుము 125. ఈ స్కీల సత్తా బయటపడింది హెలికాప్టర్ దింపిన చోట. పైకి మోసింది ఇంజను. మీకు ఇంజను ఉందా? మీ తొడలే కదా ఇంజను!

స్పాట్యులా దగ్గర అందరూ పట్టుకున్నది 125 అనే నంబరు. మెకాంకీ చెప్పిన అసలు సంగతి ఆకారం. ఆ స్కీకి క్యాంబర్ (నేల మీద పెడితే మధ్యభాగం విల్లులా పైకి లేచే వంపు) లేదు, తిరగేసిన క్యాంబర్. రెండు కొసలూ పడవలా పైకి లేచి ఉంటాయి. పాదం దగ్గర వెడల్పు, కొసల వైపు సన్నం. పౌడర్‌లో మునగకుండా కాపాడేదీ, తిప్పగానే పక్కకి జారేదీ ఆ ఆకారమే. ఇవాళ మనం రాకర్ అంటున్నది దానికి వారసుడే. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడాల్సింది రాకర్, తర్వాతే వెడల్పు.

ఎలా చూడాలి? రెండు స్కీల అడుగులు ఒకదానికొకటి ఆనించి, మధ్యలో చేత్తో నొక్కండి. ముందువైపు ఎక్కడ విడిపోతున్నాయో టేపు పెట్టి కొలవండి. 176 స్కీకి ముందు 30, 35 సెంటీమీటర్లు లేచి ఉండాలి. వెనక 15, 20 చాలు. వెనక కూడా ముందంత లేచి ఉంటే దిగడానికి సరదాగా ఉంటుంది కానీ, ఎక్కేటప్పుడు టెయిల్ దగ్గర స్కిన్ మంచుకి ఆనదు, నిటారు ట్రాక్‌లో వెనక్కి జారతారు. పాదం కింద మాత్రం కాస్త క్యాంబర్ ఉండి తీరాలి, గట్టి మంచు మీద అంచుకి పట్టు ఇచ్చేది అదే. 1,200 గ్రాముల లోపు ఈక లాంటి స్కీలు కూడా వద్దు. పెచ్చు మంచులో అవి కొట్టుకుంటాయి, మనిషిని ఊపేస్తాయి.

"టిప్ మునిగిపోతోంది, ఇంకా వెడల్పు స్కీ కావాలి" అనేవాళ్ళు ముందు బైండింగ్ ఎక్కడ బిగించారో చూసుకోండి. కంపెనీ గీత కంటే రెండు సెంటీమీటర్లు ముందుకి బిగిస్తే ఎంత వెడల్పు స్కీ అయినా ముక్కు దూరుస్తుంది. గీత మీదే బిగించండి. బిగించేది మీరే అయితే, లోపల లోహపు పొర లేని స్కీకి 3.6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, టైటనాల్ పొర ఉంటే 4.1, లోతు 9 దగ్గర ఆగే బిట్. స్కీ మీద రాసి ఉంటుంది, చదవండి. తేలిక చెక్క కోర్ ఉన్న స్కీలో మెషిన్‌తో స్క్రూ బిగిస్తే మర పీక్కుపోతుంది. చేత్తో, జిగురు వేసి బిగించాలి. బ్రేక్ వెడల్పు నడుముకంటే 5 నుంచి 15 మిల్లీమీటర్లు ఎక్కువ. సన్నదైతే అంచు దాటి కిందికి దిగదు, మరీ వెడల్పైతే స్కీ వాలినప్పుడు మంచుని తగులుతుంది.

స్కిన్స్ విషయంలో ఒక్క మాట. ఇనుప అంచు రెండు వైపులా బయటికి కనపడేలా, ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు వదిలి కోయండి. అంచు మీదికి స్కిన్ వస్తే గట్టి మంచులో పట్టు పోతుంది. మరీ ఎక్కువ వదిలేస్తే ప్లాస్టిక్ అడుగు జారుతుంది. కొత్తవాళ్ళు నైలాన్ గానీ, మొహెయిర్ (మేక బొచ్చు) కలిపినది గానీ తీసుకోండి. చలికి జిగురు మొండికేస్తే స్కిన్ జాకెట్ లోపల పెట్టుకుని వెచ్చబెట్టండి. బ్యాగ్‌లో రెండు రబ్బరు స్ట్రాప్స్ ఎప్పుడూ ఉండాలి. టెయిల్ ఊడితే చుట్టి కట్టేయొచ్చు.

ఇక "మా దగ్గర మంచు బరువు, అందుకే వెడల్పు కావాలి" అనే సియాటెల్ వాదన. ఇది పూర్తిగా తలకిందులు! సియాటెల్ దగ్గరి క్యాస్కేడ్స్ కొండల్లో మంచు ఎక్కువ, మౌంట్ బేకర్‌లో 1998–99లో 1,140 అంగుళాలు పడింది, దాదాపు 29 మీటర్లు. కానీ అక్కడి మంచులో నీటి శాతం ఎక్కువ, చిక్కగా ఉంటుంది. చిక్కటి మంచే మనిషిని మోస్తుంది. అక్కడ కావాల్సింది వెడల్పు కాదు, తేలిగ్గా వంగిపోని ముందుభాగం, కాస్త బరువు. యూటా లిటిల్ కాటన్‌వుడ్‌లో పొడి మంచు, అక్కడ కొంచెం లోతుగా దిగబడతారు. అక్కడ కావాలంటే ఇంకో 5 మిల్లీమీటర్లు పెంచుకోండి, గొడవ లేదు. కొలరాడోలో అయితే బలహీనమైన పొరలు వారాల తరబడి పాతుకుని ఉంటాయి. పెద్ద మంచు పడ్డ మర్నాడు, మీరు 116 బయటికి తీసే రోజున, 30 డిగ్రీలు దాటిన వాలు మీదికి వెళ్ళడమంటే ప్రాణంతో ఆడుకోవడం. ఆ వాలులో నిలబడలేని రోజు కోసం స్కీ కొని, మిగతా సీజన్ అంతా గట్టి మంచు మీద దాన్ని ఈడుస్తారా? బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) లేకుండా, అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడడం) కోర్సు చేయకుండా ఉన్నవాళ్ళు స్కీ వెడల్పు గురించి మాట్లాడే ముందు ఆ డబ్బు వాటి మీద పెట్టండి. దయచేసి పెట్టండి.

కశ్మీర్‌లో గుల్మర్గ్ వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. గండోలా (తీగ మీద నడిచే పెట్టె) అఫర్వాట్ కొండ భుజం దాకా, 3,900 మీటర్లు దాటించి దింపుతుంది. మోసేది తీగ. అక్కడ 108, 110 తీసుకుంటే నేను అడ్డుపడను. అయినా కింద టంగ్‌మర్గ్ వైపు చెట్ల మధ్య దిగుతుంటే పొడవు తక్కువ ఉన్నవాళ్ళే సుఖపడతారు.

నా కొలతలు రాసుకోండి. 55 కిలోల లోపు 92 నుంచి 98. 65, 70కి 100, 102. 80 దగ్గరికి 106. 90 పైన ఉంటే 108 నుంచి 112, అంతే. కాదు, 116 ఉండాల్సిందే అనేవాళ్ళు మూడు నంబర్లు కింద రాయండి: బ్యాగ్‌తో సహా మీ బరువు, మీ స్కీ పొడవు, టిప్-నడుము-టెయిల్ కొలతలు. చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాములో ఒక్కొక్కరికీ లెక్క కట్టి వచ్చే వీడియోలో చూపిస్తా.