బోరిక్ పౌడర్‌తో వైద్యం చేసిన ఫాదర్

అందరికీ నమస్కారం. పూజ అయ్యాక కాఫీ కూడా తాగనివ్వకుండా కూర్చోబెట్టారని కొందరి చూపులు చెబుతున్నాయి. తొందరగానే ముగిస్తాను.

మన చెన్నైలో నుంగంబాక్కం లయోలా కాలేజీ తెలియనివాళ్లు ఉండరు. 1925లో దాన్ని పెట్టింది యేసు సభ గురువులు, అంటే జెస్యూట్లు. విజయవాడ ఆంధ్ర లయోలా కూడా వాళ్లదే. 1965లో ఆ సభకు సుపీరియర్ జనరల్, అంటే మొత్తం సభకు పెద్ద అయిన ఫాదర్ పేద్రో అరూపే గురించి నాలుగు మాటలు.

1907లో స్పెయిన్‌లోని బిల్బావోలో పుట్టారు. మాడ్రిడ్‌లో మెడిసిన్ మధ్యలో ఆపేసి 1927లో సభలో చేరారు. అప్పటికే తల్లీ తండ్రీ లేరు. మన ఇళ్లలో డాక్టర్ చదువు వదిలేస్తానంటే ఎంత గొడవో చెప్పక్కర్లేదు!

ఆ సగం చదువే అక్కరకొచ్చింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా శివార్లలో, నగత్సుకలో, సభలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు శిక్షణ ఇస్తున్నారు. ఎనిమిదింపావుకు బాంబు పడింది. తలుపులు, కిటికీలు ఎగిరిపోయినా ఇల్లు నిలిచింది. దాన్నే ఆసుపత్రి చేశారు. సుమారు 150 మందిని చేర్చుకున్నారు. మందులు లేవు. ఓ రైతు ఒక సంచి బోరిక్ ఆమ్లం తెచ్చిచ్చాడు. అదేనండీ, మనం క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడర్. దుప్పట్లు చింపి, ఆ పౌడర్ కలిపిన నీళ్లలో ముంచి, కాలిన ఒంటిమీద పరిచేవారు. ఆరకముందే మళ్లీ తడిపేవారు. ఒంట్లో దిగిన గాజుపెంకుల్ని మత్తుమందు లేకుండానే తీసేవారు.

సుపీరియర్ జనరల్‌గా ఆయన చేసినవాటిలో నాకు పెద్దదిగా కనిపించేది ఒకటే. 1979లో వియత్నాం నుంచి పడవల్లో పారిపోతున్న జనాన్ని చూసి, ఏం చేయగలరో చెప్పమని ప్రొవిన్షియల్స్‌కు, అంటే ఒక్కో ప్రాంతంలోని సభ పెద్దలకు, టెలిగ్రాములు కొట్టారు. మరుసటేడు శరణార్థుల కోసం జెస్యూట్ రెఫ్యూజీ సర్వీస్ మొదలైంది. తమిళనాడులోని శ్రీలంక శరణార్థుల మధ్య పనిచేసింది ఆ సంస్థే. పేదల పక్షాన న్యాయం అడగడం విశ్వాసంలో భాగమేనని 1975లో సభ ప్రతినిధుల మహాసభ తీర్మానించినప్పుడు మాత్రం ఇంటా బయటా చాలామందికి నచ్చలేదు.

1981 ఆగస్టు 7న థాయ్‌లాండ్ వైపు నుంచి తిరిగొచ్చి రోమ్‌లో దిగగానే పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. పుండ్లు కడిగిన చెయ్యి అది. మాట కూడా సరిగా రాలేదు. తన బదులు ఆయన నియమించినవారిని పక్కనపెట్టి పోపుగారు వేరే ప్రతినిధిని పెట్టారు. నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన మాత్రం ఎదురు చెప్పలేదు.

1991లో పోయేదాకా మంచమే. 1983 సెప్టెంబరు 3న రాజీనామా చేసిన రోజు, మహాసభ ముందు ఆయన చెప్పదలచుకున్న మాటల్ని మరొకరు చదివారు. ఆయన పక్కన కూర్చుని విన్నారు.