ఫోన్‌ను నిద్రపోనివ్వండి

అందరికీ నమస్కారం.

"చార్జింగ్ ఆగట్లేదు" అనుకున్న రోజు మనలో చాలామంది చేసే మొదటి పని ఒకటే. రీసెంట్స్ తెరిచి యాప్‌లన్నిటినీ పైకి తోసేస్తాం, లేదా క్లియర్ ఆల్ నొక్కేస్తాం. గంటకోసారి ఈ పని చేసేవాళ్ళూ ఉన్నారు. ఇల్లు ఊడ్చినంత తృప్తి దొరుకుతుంది గానీ బ్యాటరీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. చాలాసార్లు కాస్త నష్టమే.

రీసెంట్స్‌లో కనిపించేది నడుస్తున్న యాప్‌ల జాబితా కాదు, మీరు ఈమధ్య తెరిచినవాటి జాబితా. వాటిలో ఎక్కువ భాగం ర్యామ్‌లో, అంటే ఫోన్ తాత్కాలిక మెమరీలో, కదలకుండా పడి ఉంటాయి. ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా తాగే కరెంటు దాదాపు ఒకటే. మీరు తోసేసిన యాప్‌ను పది నిమిషాల్లో మళ్ళీ తెరిస్తే మాత్రం ఫోన్ దాన్ని స్టోరేజీ నుంచి మొదట్నుంచీ లోడ్ చేసుకోవాలి. ఆ ఖర్చు అదనం. 2016లో యాపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగి ఐఫోన్ గురించి, ఆండ్రాయిడ్ అధిపతి హిరోషి లాక్‌హైమర్ ఆండ్రాయిడ్ గురించి ఇదే చెప్పారు. ఇన్నేళ్ళయినా మన బొటనవేలికి ఆ అలవాటు పోలేదు.

మరి బ్యాటరీని తినేది ఏది? నిద్ర చెడడం.

స్క్రీన్ ఆపగానే ఫోన్ నిద్రపోవాలి. ప్రాసెసర్ ఆగాలి, నెట్ ఆగాలి, కాల్ వస్తే లేవడానికి మాత్రం టవర్‌తో మాట్లాడే మోడెమ్ ఒక కన్ను తెరిచి ఉండాలి. ఏదైనా యాప్ "ఆగు, నాకు పని ఉంది" అని ప్రాసెసర్‌ను పట్టి ఉంచవచ్చు. దీన్నే వేక్‌లాక్ అంటారు. పాట వినిపించే యాప్‌కు అది అవసరం. పని అయ్యాక వదలడం మరచిపోయిన యాప్‌తోనే తంటా. స్క్రీన్ నల్లగా ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది, లోపల మాత్రం మెలకువే. వాడకుండా పెట్టిన ఫోన్ చేతికి వెచ్చగా తగిలిందంటే సందేహం అక్కర్లేదు, ఏదో దాన్ని పడుకోనివ్వడం లేదు.

రెండో దొంగ రేడియో, అంటే టవర్‌తో సిగ్నల్ పంపుకునే భాగం. చిన్న సమాచారం కోసం మొబైల్ డేటా లేచినా, పని అయిపోయాక కూడా అది వెంటనే పడుకోదు, కొన్ని సెకన్లపాటు మెలకువగానే ఉండి తర్వాత తగ్గుతుంది. అందుకే నిమిషానికోసారి ఒక కిలోబైటు తెచ్చుకునే యాప్, గంటకోసారి అరవై కిలోబైట్లు తెచ్చుకునే యాప్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తింటుంది. ఒక్కొక్క బిందె కోసం ప్రతిసారీ మోటారు వేసి ఆపినట్టు.

ఆండ్రాయిడ్ ఈ మేలుకొలుపులకు పదేళ్ళుగా అడ్డుకట్ట వేస్తూనే ఉంది. 2015లో మార్ష్‌మెలో అనే వెర్షన్‌తో డోజ్ అనే నిద్ర పద్ధతి వచ్చింది. ఫోన్ కదలకుండా, చార్జర్ లేకుండా, స్క్రీన్ ఆగి కొంతసేపు ఉంటే యాప్‌ల నెట్‌ను ఆపేస్తుంది, వేక్‌లాక్‌లను పట్టించుకోదు, అప్పుడప్పుడూ ఒక చిన్న కిటికీ తెరిచి అందరి పనులూ ఒకేసారి చేయిస్తుంది. ఆ కిటికీల మధ్య ఎడం క్రమంగా పెరుగుతుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 మీ వాడకాన్ని బట్టి యాప్‌లను అంతస్తులుగా విడగొట్టింది. రోజూ తెరిచేదానికి స్వేచ్ఛ ఎక్కువ, నెలకోసారి తెరిచేదానికి తక్కువ. ఆండ్రాయిడ్ 12లో అన్నిటికంటే కింద ఇంకో అంతస్తు చేరింది. అందులో పడిన యాప్‌కు బ్యాక్‌గ్రౌండ్ పనికి రోజుకు ఒకసారి, పది నిమిషాలు మాత్రమే. కాబట్టి ఈ విభజనకు తోడ్పడే అడాప్టివ్ బ్యాటరీ అనే ఆప్షన్ మీ ఫోన్‌లో ఆన్‌లోనే ఉండనివ్వండి. మనం చేయాల్సింది ఈ కట్టడి నుంచి తప్పించుకుంటున్నవాటిని పట్టుకోవడం.

పట్టుకోవడానికి మొదట కొలవాలి. పరీక్ష తేలిక. రాత్రి 10 గంటలకు చార్జర్ తీసేసి శాతం రాసుకోండి. ఉదయం 6 గంటలకు ముట్టుకోకుండా మళ్ళీ చూడండి. ఎనిమిది గంటలకు 3 నుంచి 6 శాతం దిగితే ఆ ఫోన్ బాగా పడుకుంటున్నట్టే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో 5 శాతమంటే 250 ఎంఏహెచ్, అంటే సగటున గంటకు 31 ఎంఏహెచ్. 15 శాతం దిగితే 750 ఎంఏహెచ్, గంటకు 94. మూడు రెట్లు. అప్పుడు వెతకాలి.

రెండో రాత్రి ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం మళ్ళీ ఆన్ చేసి అదే కొలత తీయండి. ఆ రాత్రి మామూలు కాల్స్ రావు, ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. అలారం మాత్రం మోగుతుంది. ఈసారి 15 కాస్తా 5కు పడిపోయిందనుకోండి, యాప్‌లు నిర్దోషులు. అవన్నీ వైఫైలో ఎప్పటిలాగే పనిచేశాయి కదా, తగ్గింది సిగ్నల్ కోసం వెతుకులాట మాత్రమే. తగ్గకపోతేనే యాప్‌ల మీద పడాలి. ఈ ఒక్క రాత్రి పని చేయకుండా యాప్‌లు తీసేసుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ.

ముందు సిగ్నల్ సంగతి చూద్దాం, మన దగ్గర ఇది చాలా ఇళ్ళలో ఉంది. టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరవాలి, అంటే పంపే శక్తి పెంచాలి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్లతో సిగ్నల్ పంపుతుంది, దాన్ని పుట్టించడానికి బ్యాటరీ నుంచి తీసుకునేది ఇంకా ఎక్కువ. మందపాటి గోడల ఇల్లు, చుట్టూ కొండలున్న ఊరు, 5జీ వచ్చీ పోయీ ఉండే శివారు, ఇవన్నీ ఒకటే జబ్బు. 5జీ ఒక గీత చూపిస్తూ ఊగిసలాడే చోట ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను 4జీకి మార్చండి. ఇంకోటి, రీచార్జ్ అయిపోయి నెలలుగా మూలన పడి ఉన్న రెండో సిమ్. దానికి మన అవసరం లేకపోయినా టవర్‌తో సంబంధం కోసం పని చేస్తూనే ఉంటుంది. సిమ్‌ను బయటకు తీయనక్కర్లేదు, సిమ్ సెట్టింగ్స్‌లో ఆఫ్ చేస్తే చాలు.

ఇప్పుడు యాప్‌లు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరవండి. అందరూ శాతాలు చూసి పై వరుసలో ఉన్నదాన్ని నిందిస్తారు. శాతం కాదు, యాప్ పేరు మీద నొక్కితే కనిపించే రెండు సమయాలు చూడండి. స్క్రీన్ మీద ఎంతసేపు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు. యూట్యూబ్ 22 శాతం తిని, స్క్రీన్ మీద మూడు గంటలు ఉంటే అది మీరు చూసిన సినిమా, యూట్యూబ్ తప్పు కాదు. ఏదో కూపన్ల యాప్ 4 శాతమే తిన్నా, స్క్రీన్ మీద ఒక్క నిమిషం, బ్యాక్‌గ్రౌండ్‌లో రెండు గంటల నలభై నిమిషాలు అని ఉంటే, దొంగ అదే. పాటల యాప్‌నూ, కాల్ రికార్డరునూ, దారి చూపే మ్యాపునూ ఈ లెక్కలోంచి తీసేయండి, వాటి పనే అది.

జాబితాలో గూగుల్ ప్లే సర్వీసెస్ పైకి కనిపిస్తే కంగారు పడి ఆపేయకండి. లొకేషన్, నోటిఫికేషన్లు, అకౌంట్ సింక్ చాలా యాప్‌ల తరఫున అదే చేస్తుంది. ఇంకొకరి బిల్లు దాని ఖాతాలో పడుతుంది. ఆ ఇంకొకరిని లొకేషన్ పేజీలో పట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో లొకేషన్ తెరిస్తే ఇటీవల ఎవరు అడిగారో వరుసగా ఉంటుంది. స్కూలు బస్సు యాప్ రాత్రి పదకొండుకు లొకేషన్ ఎందుకు అడగాలి? యాప్ పర్మిషన్లలో "ఆల్ ద టైమ్" అని ఉన్నదాన్ని "వాడుతున్నప్పుడు మాత్రమే"కు మార్చండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ వెసులుబాటు ఉంది. అదే లొకేషన్ సర్వీసెస్‌లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ ఉంటాయి. వైఫై ఆపేసినా ఇవి వెతుకుతూనే ఉంటాయి, అవసరం లేకపోతే ఆపండి.

దొంగ దొరికాక ఏం చేయాలి? యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫో తెరవండి, బ్యాటరీలోకి వెళ్ళండి. అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్ అని మూడుంటాయి. కొత్త వెర్షన్లలో బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ అనే మీట ఉంటుంది, అది ఆపితే రిస్ట్రిక్టెడే. షాపింగ్ యాప్‌లు, ఆటలు, ఏడాదికి రెండుసార్లు తెరిచే టికెట్ యాప్‌లు, ఫొటో ఎడిటర్లు అన్నీ రిస్ట్రిక్టెడ్‌లో పెట్టండి, మీకేమీ తేడా తెలియదు. మిగతావి ఆప్టిమైజ్డ్‌లోనే ఉంచండి. ఫోర్స్ స్టాప్ వేరే సంగతి. అది నొక్కితే మీరు మళ్ళీ తెరిచేదాకా ఆ యాప్ లేవదు, మెసేజ్ వచ్చినా చెప్పదు. ఇక బ్యాటరీ సేవర్, ర్యామ్ క్లీనర్ అని ప్లే స్టోర్‌లో దొరికేవాటి పని, కాపలాకు పెట్టుకున్నవాడే రాత్రంతా తలుపులు తట్టినట్టు ఉంటుంది. తీసేయండి.

వాట్సాప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన కుటుంబ గ్రూపుల్లో తెల్లవారుజామున మొదలయ్యే శుభోదయాల వల్ల. గ్రూపును మ్యూట్ చేస్తే శబ్దం ఆగుతుంది, బొమ్మలు దిగడం ఆగదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మీడియా ఆటో డౌన్‌లోడ్. మొబైల్ డేటా కింద నాలుగు టిక్కులూ తీసేయండి. వైఫై కింద ఫొటోలు మాత్రం ఉంచుకోవచ్చు. రోజూ రాత్రి 2 గంటలకు వాట్సాప్ ఫోన్‌లోనే ఒక బ్యాకప్ తీస్తుంది, అది చిన్నపని. గూగుల్ ఖాతాకు వెళ్ళే బ్యాకప్‌లో వీడియోలు కూడా చేర్చి ఉంటే మాత్రం పెద్దపని. చాట్ బ్యాకప్‌లో వీడియోల మీట ఆపండి.

కట్టడి మితిమీరినా ఇబ్బందే. కిరాణా కొట్టులో డబ్బులు పడ్డాయని ఫోనే గట్టిగా చెప్పే యాప్ వాడుతుంటారు. స్క్రీన్ ఆగిన పావుగంటకు అది మూగబోతుంది. మధుమేహం ఉన్నవాళ్ళు చేతికి అతికించుకునే సెన్సార్ బ్లూటూత్‌లో పంపే లెక్కలు రాత్రిపూట రాకుండా పోతాయి, షుగర్ పడిపోయినా అలారం మోగదు. ఇక్కడ యాప్ చెడిపోలేదు, ఫోన్ కంపెనీ పెట్టిన కట్టడి దాన్ని చంపేసింది. ఇలాంటివాటికి అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వాల్సిందే. సామ్‌సంగ్‌లో అదొక్కటే చాలదు. బ్యాటరీలో బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్ తెరిచి, ఆ యాప్ స్లీపింగ్ లేదా డీప్ స్లీపింగ్ జాబితాలో ఉంటే తీసి, నెవర్ అని మొదలయ్యే జాబితాలో చేర్చండి. షియోమీ, రెడ్‌మీ, పోకోలలో యాప్ ఇన్ఫోలో ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో నో రిస్ట్రిక్షన్స్ పెట్టాలి. ఒప్పో, రియల్‌మీలలో ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ రెండూ అనుమతించాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్‌లో తోసేయడమంటే దాదాపు ఫోర్స్ స్టాపే. అక్కడ రీసెంట్స్‌లో ఆ యాప్ కార్డుకు తాళం వేసే ఆప్షన్ ఉంటుంది, వేసుకోండి. క్లియర్ ఆల్ అలవాటు వల్ల అసలు నష్టం ఇక్కడే, మందుల వేళ గుర్తుచేసే యాప్ కూడా ఆ ఊడ్పులో పోతుంది.

ఐఫోన్ వాళ్ళకు పని తక్కువ. సెట్టింగ్స్, జనరల్, బ్యాక్‌గ్రౌండ్ యాప్ రీఫ్రెష్. మొత్తం ఆపేయకుండా అక్కర్లేని యాప్‌లకు ఒక్కొక్కటిగా ఆపండి. బ్యాటరీ పేజీలో బ్యాక్‌గ్రౌండ్ సమయం కూడా చూపిస్తుంది, చదివే తీరు ఇందాకటిదే.

సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ఒకటి రెండు రోజులు ఎవరి ఫోనైనా ఎక్కువే తింటుంది. యాప్‌లను కొత్త వెర్షన్‌కు సర్దుకుంటూ, ఫొటోలను మళ్ళీ వరుసపెట్టుకుంటూ ఉంటుంది. ఆ రోజుల్లో కొలత తీయకండి.

అన్నీ చేసినా తగ్గకపోతే సేఫ్ మోడ్. పవర్ మెనూలో పవర్ ఆఫ్ అన్నదాన్ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అలారం ఫోన్‌తో వచ్చిన క్లాక్‌లోనే పెట్టుకుని, ఒక రాత్రి అలా ఉంచి కొలవండి. అప్పుడు బాగుంటే దొంగ మీ యాప్‌లలోనే ఉన్నాడు. కొత్తగా వేసినదాని నుంచి వెనక్కి ఒక్కొక్కటే తీస్తూ రండి, తీసిన ప్రతిసారీ ఒక రాత్రి కొలత. సేఫ్ మోడ్‌లో కూడా దిగిపోతుంటే, లేదా 30 శాతం చూపిస్తూ ఒక్కసారిగా ఆగిపోతుంటే, అది యాప్‌ల పని కాదు, చాలావరకు బ్యాటరీ ముసలిదైనట్టే. లిథియం అయాన్ బ్యాటరీకి వయసు మీద పడేది వేడితో. 35 డిగ్రీలు దాటిన పరిసరాల్లో వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని యాపిల్ స్వయంగా చెబుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట ఆ 35 తేలిగ్గా దాటుతుంది. బైకు మీద ఎండలో స్క్రీన్ పూర్తి వెలుతురులో, మ్యాప్ నడుస్తూ, పైగా చార్జర్ తగిలించి ఉన్న ఫోన్‌కు అన్నీ ఒకేసారి. ఆ మూడింటిలో చార్జింగ్‌ను నీడపట్టుకు వాయిదా వేసినా కొంత మేలు.

ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ పేజీ, సామ్‌సంగ్‌లో మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్ బ్యాటరీ పరిస్థితి చెబుతాయి. 80 శాతం కంటే కిందికి వస్తే మార్పించుకోవడమే. ఫోన్ వెనక మూత ఉబ్బినట్టు, స్క్రీన్ అంచు లేచినట్టు కనిపిస్తే మాత్రం శాతాలు చూడకండి. ఇక చార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయకండి, స్విచాఫ్ చేసి ఆ రోజే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.